మా అమ్మాయి యాడ్ ఏజెన్సీలో చేరుతోంది

పోయిన ఆదివారం సాయంత్రం మా ఇంట్లో ఒక చిన్న పంచాయితీ జరిగింది. మా పెద్దమ్మాయికి బెంగుళూరులో ఒక యాడ్ ఏజెన్సీలో ఉద్యోగం వచ్చింది. ఇంగ్లీషులోనో హిందీలోనో తయారైన ప్రకటనలకు తెలుగు మాటలు రాయాలట. బీటెక్ చదివి ఈ పనేమిటని మా ఆయన. రాత్రి ఎన్నింటికి వదులుతారో కనుక్కున్నారా అని మా మరిది ఫోన్లో. మా అత్తగారు మాత్రం తనకు తెలిసిన ప్రశ్న అడిగారు. "ఏమ్మే, ఆటోలో కూర్చోని మైకులో అరవాల్నా?"

నవ్వకండి. మా కుప్పంలో ప్రకటన అంటే చాలామందికి ఇప్పటికీ అదే. బట్టల షాపులో ఆడి తగ్గింపు అయినా, కొత్త హోటలు తెరిచినా, ఆటోకు మైకు కట్టి వీధి వీధి తిరుగుతారు. ఒకసారి తెలుగులో చెప్తారు, మలుపు తిరగ్గానే అదే గొంతు తమిళంలో చెప్తుంది. మూడు రాష్ట్రాలు కలిసే చోట ఉన్నాం కదా, సరుకు ఒకటే అయినా మాట మారాలి.

అందరూ తలా ఒక మాట అంటున్నారు. నేను వంటింటి పక్కన పీట వేసుకుని అనపగింజలు పితుకుతున్నాను. ఆ ఇంట్లో ఆ పని చేసిన మనిషి ఒకతి కూర్చుని ఉందని ఒక్కరికీ గుర్తు రాలేదు. అవునండీ, నేనే. పెళ్ళికి ముందు నాలుగేళ్ళు మదనపల్లెలో ఒక ఏజెన్సీలో ప్రకటనలు రాశాను. పెళ్ళిచూపుల రోజు మా నాయన "కంప్యూటర్ ఆఫీసులో పని" అని చెప్పినాడు. అది వినడానికి బాగుంది కాబట్టి అదే నిలబడిపోయింది. తప్పు మా ఆయనది కాదు, నేనూ ఎప్పుడూ సరిదిద్దలేదు. ఎందుకు సరిదిద్దలేదో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మాది పుంగనూరు. పుంగనూరు ఆవుల వల్ల ఇప్పుడు మా ఊరి పేరు అందరికీ తెలుసు గానీ, అప్పట్లో ఎవరైనా అడిగితే "మదనపల్లె పక్కన" అని చెప్పుకునేవాళ్ళం. మదనపల్లె బి.టి. కాలేజీలో డిగ్రీ అయ్యాక 2001లో అదే ఊళ్ళో ఈ పని దొరికింది. జీతం 1,800. పొద్దున బస్సు, సాయంత్రం బస్సు. ఆఫీసంటే ఒక షాపు మీద మేడగది. ఒక కంప్యూటరు, అను ఫాంట్లు, ఒక ఫోను, ఒక స్కేలు. సారు, నేను, టీలు తెచ్చే అబ్బాయి. ఏజెన్సీ అంటే సినిమాల్లో చూపించే అద్దాల గదులు ఊహించుకోకండి.

స్కేలు ఎందుకంటారా? ప్రకటనను కాలమ్ సెంటీమీటర్లలో అమ్ముతారు. ఎన్ని కాలాల వెడల్పు, ఎన్ని సెంటీమీటర్ల ఎత్తు, దాన్ని రేటుతో గుణిస్తే డబ్బు. అందులో నూటికి పదిహేను ఏజెన్సీకి కమీషను. మేడగది అద్దె, నా జీతం, టీలు అన్నీ ఆ పదిహేనులోంచే. మరుసటి రోజు పేపర్లో రావాలంటే సాయంత్రం అయిదు లోపు పంపాలి. నా చెవిలో ఆ అయిదు ఇప్పటికీ మోగుతుంది. ఇంట్లో సాయంత్రం కాఫీ పెట్టేటప్పుడు కారణం లేకుండా కంగారు పడతానని మా వాళ్ళు ఎగతాళి చేస్తారు. కారణం అదే.

ఊరి సంగతులు ఆ మేడ మీద ముందే తెలిసిపోయేవి. టమోటా రేటు బాగున్న నెలలో మోటారు సైకిళ్ళ షోరూము పావు పేజీ వేసేది. రేటు పడిపోయి రైతులు కాయలు రోడ్డు పక్కన పోసిన నెలలో అదే షోరూము మూల మీద చిన్న డబ్బా ముక్క ఇచ్చేది, అదీ అప్పు. మేనెల వస్తే ఇస్కూళ్ళు, కాలేజీలు. ర్యాంకుల ఫోటోలు అతికించి అతికించి కళ్ళు లాగేవి. ఒకే పిల్లవాడి ఫోటో రెండు కాలేజీల ప్రకటనల్లో పెట్టమని వచ్చిన రోజులు కూడా ఉన్నాయి. సారు నవ్వి, "పిల్లోడు రెండు చోట్ల చదివినాడేమోలే అమ్మా" అన్నాడు.

కానీ నాకు ఆ పనిలో గుర్తుండిపోయినవి షోరూములూ కాలేజీలూ కావు. ఇళ్ళ నుంచి వచ్చే చిన్న ప్రకటనలు. వర్ధంతులు, కనబడుటలేదులు, పేరు మార్పులు, దస్తావేజులు పోయినవి.

చనిపోయిన తండ్రి ఫోటో పట్టుకుని ముగ్గురు అన్నదమ్ములు వస్తారు. ఫోటో కింద ఎవరి పేరు ముందు వెయ్యాలని నా టేబుల్ దగ్గరే గొడవ మొదలవుతుంది. పెద్దవాడి పేరు ముందంటే, "ఆయన ఆస్పత్రికి ఎన్ని మార్లు వచ్చినాడో అడుగమ్మా" అంటాడు చిన్నవాడు. నన్నెందుకు అడగమంటాడో! కొడుకులు, కోడళ్ళు, మనవళ్ళు అని రాయించి లేస్తారు. "కూతుళ్ళ పేర్లండీ?" అని అడిగితే ఒక నిమిషం మాట్లాడరు. ఎత్తు పెరుగుతుంది, రేటు పెరుగుతుంది కదా అంటారు. నేను అక్షరం సైజు రొంత తగ్గించి, అదే సెంటీమీటర్లలో కూతుళ్ళను ఇరికించేదాన్ని. సారుకు తెలుసు, ఏమనేవాడు కాదు. నాలుగేళ్ళలో ఎంతమంది ఆడబిడ్డల పేర్లు అలా ఇరికించానో లెక్క లేదు. నేను చేసిన మంచి పని ఏదన్నా ఉందంటే ఇదేనని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఒకాయన కొడుకుతో తమకు ఎటువంటి సంబంధం లేదని, వాడికి అప్పులిస్తే తాము బాధ్యులం కామని ప్రకటన ఇచ్చాడు. నాలుగు సెంటీమీటర్లు. చేతులు వణుకుతూ డబ్బు లెక్కపెట్టాడు. మరుసటి రోజు పొద్దున మేము తలుపు తీసేసరికి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు, ఆపెయ్యండమ్మా అని. అప్పటికే పేపరు ఊరంతా పడింది. ఆయన మెట్లు దిగుతుంటే ఆ రోజు నాకు ఏ పనీ సాగలేదు.

మా ఆయన ఆదివారం అన్న మాట ఒకటుంది. "ప్రకటనలంటే అబద్ధాల వ్యాపారం." ఆ మాట పూర్తిగా ఒప్పుకోను. తెలుగువాళ్ళు గౌరవంగా తలుచుకునే కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో అమృతాంజనం పెట్టి, సంగీత కచేరీల్లో సీసాలు ఊరికే పంచి జనానికి అలవాటు చేశారంటారు. అదీ ప్రకటనే. ఆ రాబడి ఉండబట్టే 1908లో ఆంధ్రపత్రిక మొదలుపెట్టగలిగారు. ఇప్పటికీ పొద్దున మన గుమ్మంలో పడే పేపరు అంత తక్కువ ధరకు వస్తోందంటే అందులో ప్రకటనల డబ్బు ఉంది. కనబడుటలేదు అని వేసిన నాలుగు ముక్కలు చూసి తప్పిపోయిన ముసలమ్మ ఇల్లు చేరిన రోజులు నేను చూశాను. అదంతా అబద్ధం కాదు.

కానీ మా ఆయన మాట పూర్తిగా తప్పనీ అనలేను. ఎందుకంటే నేను ఒక అబద్ధం రాశాను.

2003లో అనుకుంటాను, ఒక పెద్దమనిషి వచ్చాడు. షుగరు జబ్బుకు మందు. నలభై రోజుల్లో నయం అన్నాడు. మనిషి తెల్లబట్టల్లో మర్యాదగా ఉన్నాడు, డబ్బు ముందే ఇచ్చాడు. అన్ని పేపర్లూ, ఆరు వారాలు. మాకు అది ఎంత పెద్ద బేరమో చెప్పలేను. ఆ నెల అద్దె కూడా కట్టలేదు సారు. ఆయన తెచ్చిన కాగితంలో అన్నీ సంస్కృతం మాటలు. సారు నావైపు తోసి, "మన జనానికి అర్థమయ్యేటట్టు రాయమ్మా" అన్నాడు.

రాశాను. భలే రాశాను. మా తాత బెల్లం కాఫీ తాగి ఎనభై ఏళ్ళు బతికినాడు, మీరెందుకు మాత్రలు మింగుతూ బతకాల అని మొదలుపెట్టాను. పుస్తకాల భాషలో కాదు, మా పుంగనూరు సంతలో ఇద్దరు ఎదురుపడి మాట్లాడుకున్నట్టు. ఆ పెద్దమనిషి చదివి నవ్వి, సారు ముందే నాకు 200 ఇచ్చాడు. ఆ డబ్బుతో మా తమ్ముడికి చెప్పులు కొన్నాను. నా జీతంలో సగం వాడి ఇంటర్ ఫీజుకే పోయేది ఆ రోజుల్లో.

మందు నిజమా కాదా అని నాకు అనుమానం రాలేదా? వచ్చింది. రాసేటప్పుడే వచ్చింది. షుగరు నలభై రోజుల్లో పోతే ఇంత మంది డాక్టర్లెందుకు అని చిన్నపిల్లకు కూడా తోస్తుంది. పేరు నాది కాదు కదా అనుకున్నాను. ప్రకటన కింద రాసినవాళ్ళ పేరు ఉండదు.

మా మేనత్తకు షుగరు. ఆమె ఇల్లు మా ఇంటికి మూడు వీధుల అవతల. నాలుగు నెలల తరువాత ఆమె కాలికి పుండు పడి నల్లబడితే వేలూరు తీసుకుపోయినారు. రెండు వేళ్ళు తీసేశారు. ఇంటికి వచ్చాక చూడ్డానికి వెళ్ళాను. మాత్రలు ఎందుకు ఆపావత్తా అని మా అమ్మ అడిగితే దేవుడి పటం వెనక నుంచి పేపరు ముక్క తీసి చూపించింది. నా ముక్క. "ఎవరో మన ఊరి మనిషే చెప్పినట్టుంది వదినా, అందుకే నమ్మినా" అంది.

నేను రాశానని చెప్పలేదు. ఆమె బతికున్నన్నాళ్ళూ చెప్పలేదు. ఆ పేపరు ముక్క మాత్రం అడిగి తీసుకున్నాను. అంతకన్నా సిగ్గుచేటు ఇంకొకటుంది. ఆ మరుసటి నెల ఆ మందాయన మళ్ళీ వస్తే అదే ప్రకటన తేదీ మార్చి రెండుసార్లు పంపాను. వద్దని చెప్పాలని మెట్లెక్కేటప్పుడు అనుకున్నాను. పైకి వెళ్ళాక తమ్ముడి రెండో కంతు ఫీజు గుర్తొచ్చింది. సాయంత్రం అయిదు అవుతోంది. పంపేశాను.

షుగరు నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే నేరమని చట్టం 1954 నుంచీ ఉందట. ఆ జబ్బుల పట్టికలో షుగరు పేరు ఉంది, జైలు శిక్ష కూడా ఉంది. ఆ మేడ మీద ఆ చట్టం పేరు కూడా ఎవరం వినలేదు. మా అమ్మాయే ఇంటర్వ్యూకు చదువుకుంటూ చెప్పింది. ప్రకటనల వాళ్ళే కలిసి 1985లో పెట్టుకున్న ఒక మండలి ఉందనీ, అబద్ధపు ప్రకటన కనబడితే మనలాంటి వాళ్ళం కూడా ఫిర్యాదు చెయ్యొచ్చనీ చెప్పింది. 2024లో పతంజలి కేసులో సుప్రీంకోర్టు అడిగిన ప్రశ్న కూడా తనే చదివి వినిపించింది. పేపర్లలో వేసిన క్షమాపణ, మామూలుగా మీరు వేసే ప్రకటనలంత సైజులోనే ఉందా అని అడిగారట జడ్జీలు. నాకు వెంటనే స్కేలు గుర్తొచ్చింది. నేను మా అత్తకు చెప్పవలసిన క్షమాపణ ఎన్ని సెంటీమీటర్లు?

ఇప్పుడు మా అమ్మాయి ఉద్యోగం సంగతి. ఏజెన్సీవాళ్ళు పరీక్షగా ఇచ్చిన కాగితం నాకు చూపించింది. ఒక షాంపూ ప్రకటన. అంతకుముందు ఎవరో రాసిన తెలుగు పక్కనే ఉంది, మీ జుట్టుకు ఇవ్వండి పోషణ యొక్క శక్తి అని. ఇద్దరం పడీ పడీ నవ్వాం. టీవీలో ఇలాంటివి రోజూ వింటున్నాం కదండీ. ఎక్కడో కూర్చుని రాసిన మాటకు తెలుగు తొడుగు తొడుగుతారు. తెలుగులో ఒక్కసారి కూడా బేరమాడి ఉల్లిపాయలు కొనని వాళ్ళు రాసినట్టు ఉంటాయి. మా అమ్మాయి దాన్ని కొట్టేసి, వాళ్ళ జేజి నూనె రాస్తూ అనే మాటలో రాసింది. ఎంత బాగుందంటే నాకు ఒళ్ళు జలదరించింది. సంతోషంతో సగం, భయంతో సగం. ఆ చెయ్యి ఎవరిదో నాకు తెలుసు.

రాత్రి పని, మగవాళ్ళ మధ్య పని అని మా మరిది భయపెడతాడు. పండగ ముందు రాత్రి పదకొండు కూడా అవుతుందట, నిజమే. నచ్చిందన్న మాటను పొద్దున్నే నచ్చలేదంటారట, అక్షరాలు పెద్దవి చెయ్యి, చిన్నవి చెయ్యి అని ఇరవై సార్లు తిప్పుతారట. మా మేడ మీదా అంతే. పెద్ద ఖాతా ఒకటి పోతే నలుగురి ఉద్యోగాలు పోతాయట. ఇవన్నీ కష్టాలే గానీ పిల్లలు తట్టుకుంటారు. కుప్పం నుంచి రోజూ ఎంతమంది రైలెక్కి బంగారుపేట, మాలూరు దాటి వైట్‌ఫీల్డ్‌లోనో కృష్ణరాజపురంలోనో దిగి పని చేసి రావడం లేదు! మా వీధిలోనే ఆరుగురు ఉన్నారు.

నా భయం వేరే. ఏదో ఒక రోజు ఆమె టేబుల్ మీదకు కూడా ఒక కాగితం వస్తుంది. అది షుగరు మందు కాకపోవచ్చు. ఫోన్లో అప్పులిచ్చే యాపు కావచ్చు, డబ్బు పెట్టి ఆడే ఆట కావచ్చు, ఎత్తు పెంచే పొడి కావచ్చు. మన జనానికి అర్థమయ్యేటట్టు రాయమ్మా అంటారు. ఆ పూట ఆమె వద్దనగలదా లేదా అన్నది ఆమె మంచితనం మీద ఒక్కదాని మీదే ఆధారపడి ఉండదండీ. నేనేం చెడ్డదాన్ని కాదు. నా 1,800 వెనక ఒక ఫీజు ఉంది, అంతే.

అందుకే పంచాయితీలో చివరికి నోరు తెరిచాను. మా ఆయన ఆ పాటికి డైరీ తెచ్చుకుని లెక్క రాస్తున్నారు. అమ్మాయి జీతం ఇంత, రైలు పాసు ఇంత, ఖర్చు ఇంత, మిగిలింది ఇంటి లోను కంతుకు 11,500. ఉద్యోగం వద్దన్న మనిషే, జీతం అంకె వినగానే కంతులో కలిపేశారు! ఆయన్ని తప్పు పట్టడం లేదు. బీటెక్ ఫీజులు కట్టినాయన, వడ్డీ బరువు ఆయనకు తెలుసు. కానీ అన్నాను, "ఆ 11,500 గీత కొట్టెయ్యండి. ఒక ఏడాది దాని డబ్బు దాని దగ్గరే ఉండనీండి."

"ఎందుకు? కూతురు సంపాదన తినకూడదనా?" అన్నారు.

"కాదు. రేపు అది ఒక పని వద్దని ఇంటికి వస్తే మనకు కంతు ఆగకూడదు. కంతు ఆగుతుందని తెలిస్తే అది వద్దని రాదు."

ఇల్లంతా నిశ్శబ్దం. మా అత్తగారు కూడా మాట్లాడలేదు. అప్పుడు చెప్పాను, మా మేనత్త కాలి సంగతి, మొదటిసారిగా. మా ఆయన ఆమెను చూశారు, పెళ్ళిలో కుంటుకుంటూ వచ్చి అక్షింతలు వేసింది మాకు.

ఇది చదివే తల్లులతో, తండ్రులతో నా వాదన ఇంతే. పిల్ల ఇలాంటి ఉద్యోగానికి పోతుంటే ఎన్నింటికి వదులుతారని అడుగుతున్నాం, హాస్టల్లో తిండి బాగుంటుందా అని అడుగుతున్నాం. అడగండి, వద్దనడం లేదు. దాంతోపాటు ఆమె మొదటి జీతం మీద మనం ఏమేం ఆనించామో కూడా ఒకసారి చూసుకోండి. లోను, తమ్ముడి ఫీజు, చెల్లెలి పెళ్ళికి బంగారం చీటీ. అందరికీ కుదరదు, నాకు తెలుసు. మా నాయనకు కుదరలేదు, ఆయనకు వేరే దారి లేదు. మాకు కుదురుతుంది. కొత్త సోఫా మానుకుంటే, రెండు గదులు రంగు లేకుండా ఉంటే కుదురుతుంది. కుదిరేవాళ్ళం కూడా లెక్క రాసుకుంటున్నామే, అక్కడే నా బాధ.

ఆ రాత్రి మా అమ్మాయి నా పక్కన వచ్చి పడుకుంది. బీరువాలో పట్టుచీరల కింద నుంచి ఆ పేపరు ముక్క తీసి ఇచ్చాను. పసుపు పచ్చగా అయిపోయింది, మడతల దగ్గర చిరిగింది. సెల్‌ఫోను వెలుతురులో రెండుసార్లు చదివింది.

"చాలా బాగా రాసినావమ్మా" అంది. కొంచెంసేపు ఆగి, "నేనైనా ఇట్లాగే రాసుంటాను" అంది.

దాన్ని తనే ఉంచుకుంటానని అడిగి తీసుకుంది. వచ్చే సోమవారం చేరాలి. డైరీలో 11,500 గీత పక్కన మా ఆయన ఒక ప్రశ్న గుర్తు పెట్టారు. ఇంకా కొట్టెయ్యలేదు.